వైజాగ్ ఉక్కపోతలో ఫ్రెంచ్ స్టైల్ కుదురుతుందా?

మీ ప్రశ్నలో ఉన్నది క్లుప్తంగా ఇదీ. వయసు 29, రుషికొండలో ఐటీ ఉద్యోగం. ఫ్రెంచ్ అమ్మాయిల బట్టల వీడియోలు చూసి ముచ్చటపడ్డారు. తెల్ల షర్టు, చారల టీషర్టు, నేవీ బ్లూ ప్యాంటు, ముస్తాబైనట్టు కనిపించకుండానే బాగుండటం. చేతిలో 15 వేలు ఉన్నాయి, అందులో ఆరు వేల ట్రెంచ్ కోటు ఒకటి ఇప్పటికే కార్టులో పెట్టుకున్నారు. భయాలు మూడు: వైజాగ్ చెమట, మీరు సన్నగా లేకపోవడం, "ఇవేం బోసి రంగులే" అంటున్న అమ్మగారు.

కుదురుతుందండి. ముందు ఆ కోటు తీసేయండి. 15 వేలలో కనీసం మూడో వంతు టైలర్ కోసం పక్కన పెట్టండి. ఆ వీడియోల్లో మీ కంటికి ఆనింది బట్ట భుజం మీద కూర్చున్న తీరు. ఖరీదైన షర్టు కొన్నా అది రాకపోవచ్చు, ఎనిమిది వందల షర్టుకి నూట యాభై పెట్టి సరిచేయిస్తే రావచ్చు.

నేను టైలర్‌ని, కాబట్టి ఈ సలహాలో నా స్వార్థం ఉందనుకుంటే అనుకోండి. డాబాగార్డెన్స్ దగ్గర ఒక సందులో ఇరవై రెండేళ్ళుగా షాపు. అంతకుముందు నాలుగేళ్ళు చెన్నైలో ఎగుమతి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో, శాంపిల్ సెక్షన్లో పనిచేశాను. పారిస్ వెళ్ళే షర్టుల మొదటి నమూనాలు మా బల్ల మీదే తయారయ్యేవి. పారిస్ నేను చూడలేదు గానీ, పారిస్ వాళ్ళు ఒక షర్టుని దేనికి వెనక్కి పంపుతారో మాత్రం బాగా తెలుసు. ఒకసారి పన్నెండు శాంపిల్స్ తిరిగొచ్చాయి. రంగు బాగుంది, కాజాలు బాగున్నాయి, కాలర్ నిలబడింది. చంక దగ్గర కోత ఒక సెంటీమీటరు కిందికి దిగిందట. మా మాస్టర్ తిట్టుకుంటూనే మళ్ళీ ప్యాటర్న్ గీశాడు. ఒక్క సెంటీమీటరుకి ఇంత రాద్ధాంతమా అని నాకూ అనిపించింది. తర్వాత పాతదీ కొత్తదీ ఒకే అమ్మాయికి తొడిగి చూస్తే నోరు మూతపడింది. రెండోది వేసుకున్నప్పుడు ఆ పిల్ల పొడుగ్గా కనిపించింది.

మన దగ్గర దొరికే రెడీమేడ్ కుర్తీలు, షర్టుల్లో తొంభై శాతం చిక్కు ఇక్కడే ఉంది. ఒకే సైజు నాలుగు రకాల మనుషులకి పట్టాలని చంక కిందికి దింపి, భుజం వెడల్పు చేసి కోస్తారు. నిలబడి అద్దంలో చూసుకుంటే బాగానే ఉంటుంది. చెయ్యి ఎత్తితే బట్ట మొత్తం పైకి లేస్తుంది, దించాక మళ్ళీ సర్దుకోవాలి. రోజుకి యాభై సార్లు సర్దుకునే మనిషి 'ఎఫర్ట్‌లెస్'గా ఎలా కనిపిస్తుంది చెప్పండి?

అందుకే నా షాపుకొచ్చిన ప్రతి ఒక్కరితో ఒక పని చేయిస్తాను. సిటీ బస్సులో పై రాడ్ పట్టుకున్నట్టు కుడి చెయ్యి ఎత్తమంటాను. కింది అంచు రెండు అంగుళాల కంటే ఎక్కువ లేస్తే ఆ కోత మంచిది కాదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నట్టు. వీపు బిగిస్తే భుజం వెనక గుడ్డ చాల్లేదన్నమాట. మీరు కూడా ట్రయల్ రూమ్‌లో సెల్ఫీ తీసుకునే ముందు ఈ రెండూ చేయండి. ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ కోకో షానెల్ పేరు విన్నారుగా, ఆవిడ జాకెట్లకి అంత పేరు రావడానికి ఒక కారణం ఇదే. చంక ఎత్తుగా కోయించేది, చెయ్యి కదిలినా జాకెట్ కదలకుండా. జాకెట్ తిన్నగా వేలాడాలని లోపలి అంచులో సన్నటి గొలుసు కుట్టించేది. పైకి కనిపించని గొలుసు! మన అమ్మమ్మలు కుచ్చిళ్ళు నిలవాలని చీరకి ఫాల్ వేయించుకున్నట్టే.

భుజం, చంక షాపులోనే సరిపోవాలి. మిగతావన్నీ టైలర్ చూసుకుంటాడు. పొడవు తగ్గించొచ్చు, నడుము దగ్గర డాట్ (లోపలికి మడిచి కుట్టే మడత) వేయొచ్చు, చేతులు సన్నం చేయొచ్చు, ప్యాంటు మడత మార్చొచ్చు. భుజం కుట్టు మీ భుజం ఎముక దాటి అరంగుళం కంటే కిందికి జారితే (కావాలని వదులుగా చేసిన డిజైన్ అయితే తప్ప) అక్కడే పెట్టేసి రండి. భుజం ఊడదీసి మళ్ళీ వేయడానికి నేను మూడు వందలు తీసుకుంటాను, అయినా నూటికి నూరు పాళ్ళు కుదురుతుందని హామీ ఇవ్వను. కిందికి దిగిన చంకని పైకి తేవాలంటే గుడ్డ ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇక చారల టీషర్టు. వైజాగ్ అమ్మాయి దీని గురించి అడగడం నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఇది పుట్టడమే నేవీ బట్టగా పుట్టింది. 1858 మార్చిలో ఫ్రెంచ్ నౌకాదళం తన నావికులకి ఈ బనీను యూనిఫామ్‌గా పెట్టింది. అందులో చారలకి లెక్క ఉంది: ఒంటి మీద 21 తెల్ల చారలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు. మధ్యలో నీలం చారలు 20 లేదా 21, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. నెపోలియన్ గెలిచిన యుద్ధాలకి ఒక్కో చార అని ఒక కథ చెబుతారు, నేనైతే నమ్మను. నాకు పనికొచ్చేది ఆ కొలత. తెలుపు వెడల్పు, నీలం అందులో సగం. ఆ నిష్పత్తి వల్లే అది తెల్ల బట్ట మీద నీలం గీత గీసినట్టు తేలిగ్గా ఉంటుంది. రెండూ సమానమైతే సర్కస్ డేరాలా అయిపోతుంది. మాల్స్‌లో మీకు కనిపించే చాలా టీషర్టుల్లో రెండూ సమానం. చిన్న స్కేలు పట్టుకెళ్ళమని చెప్పను గానీ, కంటికి తెలిసిపోతుంది.

ఇంకో రెండు చూసుకోండి. పక్క కుట్టు దగ్గర ముందు చార, వెనక చార కలిశాయా లేదా. కలవకపోతే తొందరగా, చవగ్గా కోసిందని అర్థం, ఎంత రేటు రాసి ఉన్నా సరే. రెండోది, చారలు ఎక్కడ మొదలయ్యాయి అనేది. మీరు సన్నగా లేనని రాశారు. పాత పద్ధతి బ్రెటన్ షర్టుల్లో (ఈ చారల బనీనుకే ఆ పేరు) మెడ దగ్గర, భుజాల మీద ఖాళీ తెలుపు వదిలేసి కింద నుంచి చారలు మొదలవుతాయి. పై భాగం నిండుగా ఉన్నవాళ్ళకి అది చాలా బాగుంటుంది. అడ్డ చారలు వేస్తే లావుగా కనిపిస్తారని భయపెట్టే వాళ్ళ మాట సగమే నిజం. బిగుతుగా ఉన్న అడ్డ చార సాగి వంకర తిరుగుతుంది, అప్పుడు కనిపిస్తారు. చార తిన్నగా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకుని పొడవు తగ్గించుకోండి.

ఆ గుడ్డ కథ కూడా చెప్పేస్తాను. టీషర్టు గుడ్డని వాళ్ళు జెర్సీ అంటారు, మన భాషలో బనీను గుడ్డ. షానెల్ 1913లో దోవీల్ అనే సముద్రతీర ఊళ్ళో కొట్టు పెట్టింది. ఆ రోజుల్లో జెర్సీ ఎక్కువగా మగవాళ్ళ లోదుస్తులకి వాడేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుడ్డకి కరువొచ్చినప్పుడు ఆవిడ ఆ గుడ్డే కొని డబ్బున్న ఆడవాళ్ళకి బట్టలు కుట్టింది. అంటే బీచ్ పక్కనున్న ఊళ్ళో, బనీను గుడ్డతో, నడుము బిగించి కట్టే కార్సెట్ లేకుండా హాయిగా ఊపిరి పీల్చుకునేలా. ఆర్కే బీచ్ పక్కన ఉన్న మనకి ఇందులో తెలియనిదేముంది?

ఇప్పుడు అసలు సమస్య, చెమట. మన ఊళ్ళో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. గాలిలోనే నీళ్ళుంటే ఒంటి మీద చెమట ఆరదు. ఆరాలంటే బట్టకీ ఒంటికీ మధ్య గాలి తిరగాలి. బిగుతు జీన్స్, పాలిస్టర్ జార్జెట్ టాప్ ఈ ఊరికి పనికిరావు, ఎంత ఫ్రెంచ్‌గా ఉన్నా సరే. పలచటి కాటన్, మల్ కాటన్, లినెన్, ఖద్దరు. ఇంతే. రేయాన్ మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ పది ఉతుకులకి జారి సాగిపోతుంది.

లినెన్ అని అమ్మేదంతా లినెన్ కాదు. లోపలి మార్జిన్ నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలినట్టు కాలి బూడిద రాలితే కాటనో, లినెనో, రేయానో. కరిగి నల్ల పూసలా గట్టిపడితే అందులో పాలిస్టర్ ఉంది. షాపులో కాల్చితే తంతారు, ఇంటికొచ్చాక చేయండి, తిరిగిచ్చే గడువు లోపల.

లినెన్ దగ్గర నా తప్పు ఒకటి చెబుతాను. షాపు పెట్టిన రెండో ఏడాది, ఒక బ్యాంకు ఆఫీసరుగారు ఖరీదైన లినెన్ గుడ్డ తెచ్చి ప్యాంటు కుట్టమన్నారు. రెండ్రోజుల్లో కావాలన్నారు. తడిపి ఆరబెట్టే టైము లేదని నేరుగా కోసేశాను. ఆవిడ మొదటిసారి ఉతికాక ప్యాంటు అంగుళంన్నర పొట్టిదై చీలమండ పైకి వచ్చేసింది. ఏమీ అనలేదు, కవర్లో పెట్టి బల్ల మీద ఉంచారు, అంతే. ఆ నెల నా సంపాదనలోంచి అదే గుడ్డ మళ్ళీ కొని కుట్టిచ్చాను. అప్పటి నుంచి కాటన్ అయినా లినెన్ అయినా రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడతాను. మీ టైలర్ ఆ పని చేయనంటే మీరే ఇంట్లో తడిపి ఇవ్వండి. ముడతల గురించి బెంగ వద్దు. లినెన్‌కి ముడత పడటం దాని గుణం. పొద్దున ఇస్త్రీ చేసుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి నలిగినా అలాగే వదిలేయండి. పాలిస్టర్ కలిపిన 'ముడత పడని లినెన్' వేసుకుంటే ఆ అందమే పోతుంది.

ఒక పక్క మాట. ఫ్రాన్స్ నుంచి మనం స్టైల్ నేర్చుకోవడం అంటారు గానీ, ఒకప్పుడు మన తీరం గుడ్డ చూసి వాళ్ళే హడలిపోయారు. భారతదేశపు అద్దకం కాటన్ల మోజులో జనం పడిపోతే అక్కడి పట్టు, ఉన్ని పనివాళ్ళు గోలపెట్టారు. 1686లో ప్రభుత్వం ఆ గుడ్డని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. డెబ్బై మూడేళ్ళు! అంత నిషేధం పెట్టినా దొంగతనంగా వేసుకున్నారట. ఇంకోటి, ఫ్రెంచ్ నిఘంటువులో 'మదపొలామ్' అనే మాట ఇప్పటికీ ఉంది, ఒక రకం మెత్తటి తెల్ల కాటన్‌కి పేరు. అది నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరే. మన పాఠాల్లో ఫ్రెంచి వాళ్ళంటే బుస్సీ దొర, బొబ్బిలి యుద్ధం, లేదంటే యానాం గుర్తొస్తాయి. వాళ్ళ చొక్కాల్లో మాత్రం గోదావరి జిల్లా ఊరు ఉంది.

అందుకే మీరు లినెన్ కోసం ఆన్‌లైన్‌లో వెతికే ముందు పొందూరు ఖద్దరు ఒకసారి ముట్టుకుని చూడండి. శ్రీకాకుళం జిల్లా, మనకి దగ్గరే. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. సన్న నూలుది ఖరీదెక్కువ, అందరికీ అందదు, మామూలు రకం షర్టు గుడ్డ చాలు. ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది. కొత్తది వేసుకున్నట్టు ఎప్పుడూ అనిపించదు, మీరు వెతుకుతున్నది సరిగ్గా అదే కదా.

తెల్ల షర్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తాపడేది దీని దగ్గరే. కిందటేడు ఒకమ్మాయి సంచి నిండా షర్టులు తెచ్చింది. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన వాళ్ళ నాన్నగారివి. "ఆయన ఇక వేసుకోరండీ, పారేయడానికి మనసొప్పట్లేదు" అంది. పాత పాప్లిన్, ముప్ఫై ఏళ్ళ ఉతుకులకి వెన్నలా అయిపోయింది. కాలర్లు మాత్రం మడత దగ్గర చీలిపోయాయి. బ్లేడుతో కాలర్ కుట్టు విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి మళ్ళీ కుట్టాను. పాత టైలర్లందరికీ తెలిసిన పనే, ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. భుజం రెండు వైపులా అంగుళంపావు లోపలికి తెచ్చాను, చేతులు విప్పి చంక ఎత్తి మళ్ళీ ఎక్కించాను. మగవాళ్ళ షర్టులో గుడ్డ ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. జేబు తీసేద్దామంటే వద్దంది. నాన్న పెన్ను సిరా మరక జేబు మూల నీలంగా అలాగే ఉంది. ఆ షర్టు నేవీ బ్లూ కాటన్ ప్యాంటు మీద, చేతులు రెండు మడతలు పెట్టి వేసుకుని వచ్చింది ఒకరోజు. మీరు చెప్పిన వీడియోల్లో ఉన్నదంతా ఆ పిల్ల ఒంటి మీద ఉంది. నేను తీసుకున్నది షర్టుకి మూడు వందల యాభై. కాబట్టి ఏదైనా కొనే ముందు మీ నాన్నగారి బీరువా ఒకసారి చూడండి.

తెల్ల షర్టు కింద తెల్ల లోదుస్తులు వేయకండి, బయటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మన ఒంటి రంగుకి దగ్గరగా ఉన్న గోధుమ, మట్టి రంగు వేస్తే కనబడవు. 'స్కిన్ కలర్' అని షాపువాళ్ళు ఇచ్చే లేత గులాబీ రంగు మన స్కిన్ కాదు. చంకల్లో పసుపు మరక ఒక్క చెమట వల్లే రాదు, డియోడరెంట్‌లోని అల్యూమినియం చెమటతో కలిసినందువల్ల కూడా వస్తుంది. క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఇంకా పచ్చబడుతుంది. వంటసోడా నీళ్ళతో ముద్దచేసి రాసి గంట ఉంచి ఉతకండి, అదీ మరక పాతబడక ముందే. మంచు తెలుపు బదులు మీగడ తెలుపు తీసుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది. మన ఒంటికి కూడా అదే నప్పుతుంది.

అమ్మగారి విషయానికొస్తే, ఆవిడ మాట కొట్టిపారేయకండి. నేవీ, నలుపు, బూడిద, మీగడ రంగు, ఏ నగా లేకుండా వేసుకుంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి బోసిగానే అనిపిస్తుంది. దాని వెనక ఏ భయం ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫ్రెంచ్ అమ్మాయిలు ఇలాంటి రంగుల మీద ఎర్ర లిప్‌స్టిక్ ఒక్కటి పెట్టి వదిలేస్తారు. ఆ పని మనకి ఎర్ర బొట్టు ఎప్పటి నుంచో చేస్తోంది. మీగడ రంగు షర్టు మీద కాస్త పెద్ద ఎర్ర బొట్టు, చెవులకి పాత బంగారు దిద్దులు. ఇక గాజులు, గొలుసు, వాచీ మూడూ కలిపి వద్దు. ఏదో ఒకటి. మల్లెపూలు పెట్టుకుంటానంటే పెట్టుకోండి, ఎవరు కాదంటారు?

చీర మానక్కర్లేదు కూడా. నా దగ్గరికి పదిహేనేళ్ళుగా వచ్చే ఒక లెక్చరర్ గారున్నారు. రోజూ కట్టేవి ఎనిమిదో తొమ్మిదో చీరలు, అన్నీ కాటన్, సన్న అంచువి, మంగళగిరివి రెండు, పొందూరువి మూడు, మిగతావి గుర్తులేదు. జాకెట్లు మాత్రం ఐదే: నేవీ, నలుపు, మెరూన్, మీగడ, ఒక నీలం గళ్ళది. ఏ జాకెట్టు ఏ చీర మీదైనా నడుస్తుంది. ఆరేడేళ్ళకి ఒకసారి కొలతలు మారితే అన్నీ తెచ్చి విప్పించి సరిచేయించుకుంటారు, అందుకే ఆవిడ జాకెట్ల లోపల నేను ప్రతి పక్కా ముప్పావు అంగుళం గుడ్డ వదులుతాను. మ్యాచింగ్ సెంటర్‌లో చీర పట్టుకుని గంట నిలబడటం ఆవిడ ఎరగరు. కాలేజీలో పిల్లలు ఆవిడ స్టైల్ గురించి మాట్లాడుకుంటారట. "వేసుకోవడానికి ఆలోచించే ఓపిక లేదమ్మా, అంతే" అంటారావిడ.

లావు గురించి మీరు రాసిన వాక్యం నాకు బాధ కలిగించింది. వీడియోల్లో చూసే 'ఫ్రెంచ్ అమ్మాయి' ఒక అమ్మకపు బొమ్మ. సన్నగా, డబ్బుతో, పారిస్‌లో మంచి వీధిలో ఉండే మనిషి. ఫ్రాన్స్‌లో అందరూ అలా ఉండరు, స్పోర్ట్స్ షూ వేసుకుని ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళూ ఉంటారు. ఆ స్టైల్‌కి గుర్తుగా అందరూ చూపించే నటి, గాయని జేన్ బిర్కిన్ లండన్‌లో పుట్టిన ఇంగ్లీషు మనిషి. మీరు కార్టులో పెట్టిన ట్రెంచ్ కోటు కూడా ఇంగ్లీషు వాళ్ళదే, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో చలికీ వానకీ అధికారులు వేసుకున్నది. మన వానలో అది వేసుకుంటే వాన ఆగుతుందేమో గానీ లోపల మీరు ఇడ్లీలా ఉడుకుతారు. సైజు ఏదైనా నా సూచన ఒకటే: ఒంటికి ఒక్కచోట బట్ట దగ్గరగా రావాలి, మిగతాచోట్ల వదులుగా ఉండొచ్చు. ఆ ఒక్కచోటు మీకు భుజమో, నడుమో, మణికట్టో మీరే చూసుకోండి. మొత్తం వదులైతే అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది, మొత్తం బిగుతైతే చెప్పక్కర్లేదు.

చెప్పులు త్వరగా చెప్పేస్తాను. బ్యాలే ఫ్లాట్స్ అని వాళ్ళు వేసుకునేవి నిజంగానే డ్యాన్స్ చెప్పుల నుంచి వచ్చాయి. రోజ్ రెపెట్టో అనే ఆవిడ 1947లో డ్యాన్స్ షూ చేయడం మొదలుపెట్టింది, 1956లో సినిమా నటి బ్రిజిత్ బార్దో కోసం చేసిన జత ఊరంతా పాకింది. మన వానాకాలంలో మూసిన తోలు బూట్లకి బీరువాలోనే బూజు పడుతుంది. ఒక జత సాదా తోలు శాండల్స్, గోధుమ రంగువి, చాలు. సిల్కు స్కార్ఫు మెడకి కట్టుకోవడం మాత్రం ఫిబ్రవరి దాటాక వద్దు. పలచటి కాటన్ చున్నీ ఉంటే బస్సులోనూ బీచ్ గాలికీ పనికొస్తుంది.

డబ్బు లెక్క. పిండి కొద్దీ రొట్టె. మీరు నా షాపుకి వచ్చి ఉంటే ఇలా చెప్పేదాన్ని. రెండు షర్టులకి గుడ్డ కొని కుట్టించండి, ఒకటి మీగడ తెలుపు కాటన్, ఒకటి లినెన్ లేదా ఖద్దరు, గుడ్డ, కుట్టు కలిపి నాలుగు వేల అయిదు వందల లోపు వస్తాయి. నేవీ కాటన్ ప్యాంటు ఒకటి, తిన్నగా, మడమ పైదాకా. అది కూడా కుట్టించుకోవడమే మేలు, పదిహేను వందలు. చారల టీషర్టు వెయ్యి. శాండల్స్ రెండు వేలు. మిగిలిన దానిలో రెండు వేలు ఇప్పటికే మీ బీరువాలో ఉన్న వాటిని సరిచేయించడానికి. ఆ తర్వాత కూడా చేతిలో నాలుగు వేలు ఉంటాయి, వాటిని ఆరు నెలలు ముట్టుకోకండి. ఆ ఆరు నెలల్లో మీరు ఏది పదేపదే వేసుకుంటున్నారో తెలుస్తుంది. అలాంటిదే ఇంకోటి కుట్టించుకోండి. నల్ల గౌను ఒకటి ఉండాలని వీడియోల్లో చెబుతారు, 1926లో షానెల్ రూపొందించిన నల్ల గౌను నుంచి వచ్చిన ముచ్చట అది. మీరు గౌన్లు వేసుకునే మనిషైతే సరే. లేకపోతే నల్ల కాటన్ కుర్తా ఒకటి బాగా కుదిరింది ఉంటే అదే పని చేస్తుంది.

టైలర్‌తో మాట్లాడేటప్పుడు ఫోన్లో ఫోటో ఒక్కటే చూపించి "ఇలా కావాలి" అనకండి. మేం ఊఁ అంటాం, మాకు తోచింది కుడతాం. మీకు బాగా కుదిరిన పాత షర్టు ఒకటి పట్టుకెళ్ళి "భుజం, చంక దీని ప్రకారం, పొడవు రెండంగుళాలు తక్కువ" అనండి. చంక ఎత్తుగా అడిగితే "బిగుస్తుందమ్మా" అంటారు చాలామంది. ఎత్తుగా ఉంటే బిగించదు, చెయ్యి ఇరుకైతే బిగిస్తుంది. చెయ్యి పైభాగం అరంగుళం వదులు పెట్టమనండి. లోపల మార్జిన్ ఎంత వదులుతున్నారో అడగండి. మొదటిసారి ఒక్కటే ఇచ్చి, వేసుకుని, ఉతికి, నచ్చాకే రెండోది ఇవ్వండి.

వెళ్ళే సమయం కూడా చూసుకోండి. దసరా నుంచి సంక్రాంతి దాకా, ఇంకా పెళ్ళిళ్ళ ముహూర్తాలప్పుడు, ఏ టైలరూ మీ చంక గురించి వినే స్థితిలో ఉండడు. నేనూ ఉండను. ఆషాఢంలో రండి. పెళ్ళి జాకెట్లు ఉండవు, గుడ్డల షాపుల్లో డిస్కౌంట్లు ఉంటాయి, మెషిన్ పక్కన స్టూలు ఖాళీగా ఉంటుంది.